డబ్బా మీది అంకె కాదు, నిపిల్ మీది పట్టు చూడాలి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పాతకాలపు బ్లాక్ పౌడర్ రివాల్వర్ల (తూటాలు కాకుండా నల్లమందు, గుండు విడివిడిగా నింపి పేల్చేవాటి) మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాం. చరిత్ర భాగం బాగుంది. ఆ మందును అంటించే పెర్కషన్ క్యాపుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రచయిత రెండు వాక్యాల్లో తేల్చేశారు: 10 నంబరు చిన్నది, 11 నంబరు పెద్దది, రివాల్వర్‌తో వచ్చిన పుస్తకంలో ఏ నంబరు ఉంటే అది కొనుక్కుంటే చాలు, వదులైతే వేళ్లతో నొక్కి పెట్టుకోవాలి. ఈ రివాల్వర్లు సరిగ్గా పేలకపోవడానికి, మధ్యలో బిగుసుకుపోవడానికి, అప్పుడప్పుడు ప్రమాదం దాకా పోవడానికి ఎక్కువసార్లు కారణమయ్యేది సరిగ్గా ఈ సలహాయే. అందుకే కొంచెం పెద్ద ఉత్తరం రాస్తున్నాం. దయచేసి కత్తిరించకుండా వేయండి.

ముందు ఆ చిన్న క్యాపు చేసే పనేమిటో చూద్దాం. మెత్తని రాగితోనో ఇత్తడితోనో చేసిన బుల్లి గిన్నె అది. లోపల అడుగున దెబ్బ తగిలితే పేలే మందు పూత ఉంటుంది. మందూ గుండూ నింపే గదులు (చాంబర్లు) ఉన్న తిరిగే భాగం సిలిండర్; దాని వెనక ప్రతి చాంబర్‌కూ మరలతో బిగించిన నిపిల్ ఒకటి ఉంటుంది. అది పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడుతుంది, మధ్యలో సన్నని రంధ్రం. క్యాపును నిపిల్ మీద బోర్లిస్తాం. ట్రిగ్గర్ నొక్కితే కొట్టే సుత్తి, అంటే హ్యామర్, పడగానే మందు పూత హ్యామర్‌కూ నిపిల్ అంచుకూ మధ్య నలిగి పేలుతుంది. ఆ మంట రంధ్రంలోంచి దూరి చాంబర్‌లోని మందును అంటిస్తుంది. అంటే ఒకేసారి రెండు షరతులు తీరాలి. క్యాపు లోపలి అడుగు నిపిల్ అంచుకు పూర్తిగా ఆనాలి. క్యాపు గోడలు నిపిల్ పక్కలను గట్టిగా పట్టుకోవాలి. మొదటిది తప్పితే పేలదు, రెండోది తప్పితే క్యాపు ఊడి పడుతుంది. క్యాపు ఎంపిక అంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది, డబ్బా మీది అంకె చుట్టూ కాదు.

ఎందుకంటే ఆ అంకె కొలత కాదు. 10, 11 అనేవి తయారీదార్లు ఎవరికి వారు వాడుకుంటూ వచ్చిన గుర్తులు. ఒకరి 10 నంబరు ఇంకొకరి 10 నంబరుతో సమానంగా ఉండాలన్న ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. ఈ క్యాపుల లోపలి వ్యాసం నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక నంబరుకూ పక్క నంబరుకూ తేడా అంగుళంలో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. అంగుళంలో వెయ్యో వంతు అంటే 0.025 మిల్లీమీటర్లు. కంటికి ఆనని ఈ తేడా వల్లే ఒక క్యాపు నిపిల్‌ను పట్టుకుని కూర్చుంటుంది, ఇంకొకటి మొదటి దెబ్బకే ఎగిరి పోతుంది. తయారైన విడతను బట్టి కూడా ఇంతపాటి తేడా రావచ్చు.

పైగా వ్యాసం ఒక్కటే కాదు, గోడ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. మీ అనుబంధంలోని రచనలో దీని ప్రస్తావనే లేదు. సీసీఐ అనే కంపెనీ 10 నంబరు క్యాపు గోడ పొట్టిది. రెమింగ్టన్ 10 నంబరు క్యాపు గోడ దానికన్నా పొడవు. నిపిల్ కిందికి పోయేకొద్దీ లావవుతుంది కాబట్టి పొడవు గోడ ఉన్న క్యాపు కింది దాకా దిగి ఎక్కువ మేర పట్టుకుంటుంది. పొట్టి గోడ క్యాపు పైభాగాన్నే పట్టుకుంటుంది. డబ్బా మీద రెండింటికీ అదే అంకె. రివాల్వర్ షూటర్లు రెమింగ్టన్ 10 కోసం వెతుక్కుంటూ తిరిగేది ఈ పొడవు కోసమే. జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ క్యాపుల నంబర్ల పద్ధతే వేరు. వాళ్ల 1075 ను చాలామంది 10 కీ 11 కీ మధ్య దానిగా వాడుకుంటారు. ఇక మస్కెట్ క్యాపులని రెక్కలున్నవి కొన్ని దొరుకుతాయి. అవి ఎన్‌ఫీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి పొడవాటి తుపాకుల పెద్ద నిపిళ్లకు చేసినవి. మామూలు రివాల్వర్ నిపిల్‌కు అవి పనికిరావు.

నిపిళ్ల సంగతీ ఇంతే. ఇవాళ వాడుకలో ఉన్న రివాల్వర్లలో ఎక్కువ భాగం ఇటలీలోని బ్రెషియా ప్రాంతంలో పియెట్టా, ఉబెర్టి లాంటి కంపెనీలు చేసే నకళ్లు. 1851 నేవీ కోల్ట్, 1860 ఆర్మీ కోల్ట్, 1858 పేటెంటు తారీఖు మీదుగా జనం పిలుచుకునే రెమింగ్టన్ ఆర్మీ, ఇవే ఎక్కువ. ఒకే కంపెనీ ఒకే మోడల్‌కు వేర్వేరు సంవత్సరాల్లో బిగించిన నిపిళ్ల కొలతలు కూడా ఒకేలా ఉండవు. ఒకే సిలిండర్‌లోని ఆరింటిలో ఒకటి తేడాగా ఉండటమూ అరుదు కాదు. ఇన్ని తేడాలున్నప్పుడు రివాల్వర్ పుస్తకంలో అచ్చయిన నంబరు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే.

బిగుతు క్యాపు చేసే చెరుపు ముందు చూద్దాం, జనం తరచూ పొరపడేది ఇక్కడే. హ్యామర్ పడింది, క్యాపు పేలలేదు. మళ్లీ ఎత్తి కొడితే పేలింది. చాలామంది క్యాపులు పాడైపోయాయనో స్ప్రింగు బలహీనమైందనో అనుకుంటారు. నిజానికి క్యాపు పూర్తిగా దిగలేదు. మొదటి దెబ్బ బలమంతా దాన్ని కిందికి దింపడానికే ఖర్చయింది, రెండో దెబ్బకు అడుగు అంచుకు ఆని పేలింది. రెండో దెబ్బకు పేలడమే ఈ జబ్బుకు గుర్తు. గట్టిగా నొక్కితే దిగుతుంది కదా అని ఇనుప పనిముట్టు ఎప్పుడూ వాడకూడదు. దింపాల్సివస్తే చిటికెన వేలంత చెక్క పుల్లతో, బారెల్‌ను లక్ష్యం వైపే ఉంచి, చేతిని పక్కకు పెట్టుకుని నిదానంగా నొక్కాలి. చెక్కతో కూడా దిగకపోతే ఆ క్యాపు ఆ నిపిల్‌ది కాదు. బలవంతం చేస్తే గోడ చీలుతుంది, చీలిన క్యాపుకు పట్టు ఉండదు.

వదులు క్యాపు చేసే చెరుపు ఇంతకన్నా పెద్దది. ఒక చాంబర్ పేలి రివాల్వర్ తన్నినప్పుడు మిగతా నిపిళ్ల మీదివి జారిపోతాయి. జారి కింద పడితే ఒక గుండు తగ్గుతుంది, అంతే. సిలిండర్‌కూ ఫ్రేముకూ మధ్య పడితే సిలిండర్ తిరగదు. పేలని క్యాపు అలా ఇరుక్కున్నప్పుడు హ్యామర్‌ను బలంగా లాగడం, సిలిండర్‌ను చేత్తో తిప్పబోవడం రెండూ ప్రమాదమే. వదులు క్యాపు నిపిల్ మీద వంకరగా కూర్చుని ఆలస్యంగానో బలహీనంగానో పేలడం ఇంకొకటి.

వేళ్లతో నొక్కి అంచును కోలగా చేసి పెట్టుకోవాలన్న సలహా విషయానికి వద్దాం. షూటర్లలో ఈ అలవాటు ఉంది, కాదనం. క్యాపు కాస్త వదులై ఇంకో దారి లేని రోజున పని గడుస్తుంది. కానీ దీన్ని పద్ధతిగా నేర్పకూడదు. కోలగా నొక్కిన క్యాపు రెండు చోట్లే పట్టుకుంటుంది, మిగతా చుట్టూ సందు మిగులుతుంది. ఎక్కువ నొక్కితే అది నిపిల్ మీదికి పూర్తిగా దిగదు, అప్పుడు బిగుతు క్యాపు జబ్బే మళ్లీ వస్తుంది. లోపలి మందు పూత పగిలి రాలిపోవచ్చు కూడా. అన్నిటినీ మించి, దెబ్బకు పేలే వస్తువును వేళ్ల మధ్య వంచుతున్నామన్నది మరిచిపోరాదు. ప్రతి క్యాపునూ నొక్కి పెట్టాల్సి వస్తోందంటే మీ దగ్గర ఉన్నది తప్పు క్యాపో తప్పు నిపిలో అయి ఉంటుంది.

మరి సరైనదాన్ని ఎలా తేల్చుకోవాలి? రివాల్వర్ ఖాళీగా ఉండగా, ఏ చాంబర్‌లోనూ మందు గానీ గుండు గానీ లేవని ఒకటికి రెండుసార్లు చూసుకుని, అనుమతి ఉన్న కాల్పుల రేంజిలో మాత్రమే చేయాల్సిన పరీక్ష ఇది. కంటికి అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. మందు డబ్బా దగ్గర్లో ఉండకూడదు. ముందు నిపిళ్లను శుభ్రంగా తుడవాలి. నూనె, పాత మసి ఉంటే కొలత తప్పుతుంది. బారెల్ లక్ష్యం వైపు పెట్టి ఆరు నిపిళ్లకూ ఒకే డబ్బాలోని క్యాపులు బొటనవేలి బలంతో ఎక్కించాలి. ఎక్కించాక పక్కనుంచి చూడాలి. అన్నీ ఒకే ఎత్తులో కూర్చున్నాయా? ఒకటి పైకి తేలి ఉంటే ఆ నిపిల్ లావుగా ఉందన్నమాట. తర్వాత బారెల్ దిశ మార్చకుండా రివాల్వర్‌ను అటూ ఇటూ ఒరగదీసి చూడాలి, ఏదైనా జారిందా? ఆపైన ఒక్కొక్కటే పేల్చాలి. ఆరింటికి ఆరూ మొదటి దెబ్బకే పేలి, మిగతావి కదలకుండా ఉంటే ఆ జోడీ కుదిరినట్టు. ఒక్క విడతతో తృప్తిపడవద్దు, మూడు నాలుగు విడతలు చూడండి. ఎప్పుడూ ఒకే నిపిల్ దగ్గర ఇబ్బంది వస్తుంటే తప్పు ఆ నిపిల్‌దే, క్యాపును నిందించి లాభం లేదు. దాన్ని గుర్తుపట్టడానికి సిలిండర్ మీద చాక్‌పీసుతో గీత పెట్టుకోవచ్చు.

పేలిన క్యాపులను పారేయకుండా ఒక్కసారి చూడండి. ముక్కలు కాకుండా, కాస్త విచ్చుకుని నిపిల్ మీదే నిలిస్తే మంచిది. రేకుల్లా చీలి తునకలైతే ఆ లోహం పెళుసుదైనా అయి ఉండాలి, చాంబర్‌లోంచి వెనక్కి తన్నే ఒత్తిడి ఎక్కువైనా అయి ఉండాలి. ఖాళీ చాంబర్ల పరీక్షలో బాగున్న క్యాపు గుండు నింపి పేల్చినప్పుడు మాత్రమే చీలుతోందంటే రెండో కారణమే. అప్పుడు చూడాల్సింది నిపిల్ రంధ్రం.

కొత్త నిపిల్ రంధ్రం సన్నటి చోట సుమారు 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది. వాడే కొద్దీ వేడి గ్యాసుకు అది అరిగి పెద్దదవుతుంది. పెద్దదైతే మంట లోపలికి ఇంకా బాగా పోతుంది కదా అనిపిస్తుంది గానీ, అదే దారిన చాంబర్ ఒత్తిడి వెనక్కి వస్తుంది. అది హ్యామర్‌ను ఎత్తి, క్యాపును చీల్చి, తునకలను షూటర్ ముఖం వైపు విసురుతుంది. పేల్చిన వెంటనే హ్యామర్ సగం వెనక్కి వచ్చి నిలిచినట్టు కనిపిస్తే నిపిళ్లు మార్చే కాలం వచ్చినట్టే. రంధ్రాన్ని సూదితో శుభ్రం చేయవచ్చు. డ్రిల్లుతో పెంచడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

మాగ్నమ్ క్యాపుల ప్రస్తావన ఇక్కడే తేవాలి. సీసీఐ 11 మాగ్నమ్ మామూలు 11 కన్నా వేడి మంట ఇస్తుంది. బలమైనది కొంటే పేలడం ఖాయమని చాలామంది నమ్మి కొంటారు. అసలైన బ్లాక్ పౌడర్‌కు అంత వేడి అక్కర్లేదు, అది మామూలు క్యాపుకే సులువుగా అంటుకుంటుంది. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి బదులు పొడులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి. వాటితో మందు ఆలస్యంగా అంటుకుంటుంటే, క్యాపు సరిగ్గా కూర్చుందని తేల్చుకున్నాకే మాగ్నమ్ ప్రయత్నించాలి. కూర్చోని మాగ్నమ్ క్యాపు కూర్చోని మామూలు క్యాపులాగే మొదటి దెబ్బకు పేలదు. మందు మాటెలాగూ వచ్చింది కాబట్టి చెప్పాలి: పొగరాని ఆధునిక మందు ఈ రివాల్వర్లలో చిటికెడు కూడా పోయకూడదు. సిలిండర్ ఆ ఒత్తిడికి తట్టుకోదు, పగిలిపోతుంది.

ఇప్పుడు మేం ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. నిపిల్‌కు సరిపోయే క్యాపు కోసం జీవితాంతం వెతకడం కన్నా, మీకు నిలకడగా దొరికే క్యాపును ముందు నిర్ణయించుకుని దానికి తగ్గ నిపిళ్లు వేయించుకోవడం మేలు. రెమింగ్టన్ కంపెనీ 2020లో దివాలా తీసి, దాని తూటాల వ్యాపారం వేరే సంస్థ చేతికి పోయిన కాలంలో క్యాపుల కరువు ఎలా ఉండిందో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. దొరికిన డబ్బా కొనుక్కోవడం, ఇంటికి తెచ్చాక వదులనో బిగుతనో తల పట్టుకోవడం. నిపిళ్లు విడి భాగాలు, మరతో ఊడతాయి, ఆరింటి జత ఖర్చు రివాల్వర్ ఖరీదులో చిన్న వంతు. ట్రెసో, స్లిక్స్‌షాట్ లాంటి నిపిళ్లు సాధారణంగా 10 నంబరు క్యాపులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. స్లిక్స్‌షాట్‌కు పక్కన చిన్న రంధ్రం కూడా ఉంటుంది, వెనక్కి వచ్చే ఒత్తిడిలో కొంత అటు పోతుంది. కొనే ముందు మర కొలత చూసుకోవాలి. ఇటలీ నకళ్లలో చాలావాటికి 6 మిల్లీమీటర్ల వ్యాసం, 0.75 పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) మర. 1972 నుంచి 2008 దాకా వచ్చిన రూగర్ ఓల్డ్ ఆర్మీది అంగుళాల లెక్కలో 12–28 మర (12 నంబరు లావు, అంగుళానికి 28 చుట్లు). ఒకదాని నిపిల్ ఇంకొకదానికి బలవంతంగా బిగిస్తే సిలిండర్ మర పాడవుతుంది, దాన్ని బాగుచేయడం నిపిల్ మార్చినంత తేలిక కాదు.

ఉన్న నిపిల్ కాస్త లావై, చేతిలోని క్యాపు కాస్త బిగుతైతే నిపిల్‌ను సన్నబరచవచ్చు. సిలిండర్‌లోంచి ఊడదీసి, మర దెబ్బతినకుండా డ్రిల్లులో పట్టించి, తిరుగుతుండగా నున్నటి 400 నంబరు ఎమరీ కాగితం తాకిస్తే చాలు. ప్రతి కొన్ని క్షణాలకు ఆపి, మసి తుడిచి, కొత్త క్యాపుతో పట్టు చూడాలి. పక్కలు మాత్రమే అరగాలి, పైఅంచు ఎత్తు తగ్గకూడదు. ఇది ఒక వైపుకే పనిచేసే వైద్యం. ఎక్కువ అరిగిపోయిన నిపిల్‌కు మళ్లీ లావు రాదు. అందుకే ఆరింటిలో ముందు ఒక్కదాని మీదే చేసి చూడండి. తిరిగి బిగించేటప్పుడు మరకు కొంచెం గ్రీజు రాసి, సరిపోయే నిపిల్ రెంచితో ఆనేదాకా తిప్పితే చాలు, బలం పెట్టనక్కర్లేదు. గ్రీజు రాయకుండా బిగిస్తే బ్లాక్ పౌడర్ మసికి నిపిల్ తుప్పుపట్టి కరుచుకుపోతుంది, తర్వాత ఊడదీయబోతే విరుగుతుంది.

క్యాపు, నిపిల్ రెండూ సరిపోయినా పేలకపోతే హ్యామర్‌ను చూడాలి. దించిన హ్యామర్‌కూ ఖాళీ నిపిల్‌కూ మధ్య సన్నని కాగితం దూరేంత సందు ఉండాలి. సందు లేకుండా హ్యామర్ నిపిల్‌నే కొడుతుంటే అంచు నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక ఏ క్యాపూ దిగదు. ఖాళీ నిపిళ్ల మీద హ్యామర్‌ను ఆడించవద్దనేది ఇందుకే. సందు మరీ ఎక్కువైతే దెబ్బ చాలదు. సిలిండర్ ముందుకూ వెనక్కూ బాగా కదులుతుంటే కూడా దెబ్బ బలం దాన్ని ముందుకు తోయడానికే పోతుంది, లక్షణం అచ్చం బిగుతు క్యాపు లాగే ఉంటుంది.

కోల్ట్ తరహా రివాల్వర్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. వాటి హ్యామర్ ముఖం మీద చిన్న గాడి ఉంటుంది. సిలిండర్ వెనక చాంబర్ల మధ్య ఉండే పిన్నుల మీద హ్యామర్‌ను ఆనించి పెట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటది. పేలిన క్యాపు తునక ఆ గాడిలో ఇరుక్కుని, హ్యామర్ వెనక్కి లాగినప్పుడు దాంతోపాటే వచ్చి ఫ్రేములోని సందులో పడుతుంది. తర్వాతి గుండుకు హ్యామర్ పూర్తిగా దిగదు. దీనికి విరుగుడు నిలువునా చీలని, నిపిల్‌ను గట్టిగా పట్టుకునే క్యాపే. పొడవు గోడ ఉన్నవి ఇక్కడ నిజంగా పనికొస్తాయి. హ్యామర్ ముఖాన్ని నునుపు చేయించడం, ఫ్రేములో తునకను అడ్డుకునే చిన్న పిన్ను పెట్టించడం తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) చేయాల్సిన పని. రేంజిలో మాత్రం ఒకటి చేయవచ్చు: పేలిన తర్వాత రేంజి నియమం ఒప్పుకున్నంత మేర బారెల్ ముందువైపే కాస్త పైకెత్తి హ్యామర్ లాగితే తునక పక్కకు జారి పోతుంది. రెమింగ్టన్ తరహా ఫ్రేమున్న వాటిలో ఈ ఇబ్బంది తక్కువ.

ఒక చాంబర్ పేలితే పక్క చాంబర్లు కూడా వాటంతటవే పేలడం ఈ రివాల్వర్లలో అన్నిటికన్నా భయపెట్టేది. నిప్పు ముందువైపు నుంచి, గుండు పక్క సందులోంచి దూరుతుందా, వెనకనుంచి క్యాపు లేని నిపిల్ రంధ్రంలోంచి దూరుతుందా అని షూటర్ల మధ్య వాదన చాలాకాలంగా నడుస్తోంది. మా మటుకు మేం రెండు తలుపులూ మూయాలంటాం. ముందువైపు, 0.44 అని పిలిచే రివాల్వర్లకు 0.451 లేదా 0.454 అంగుళాల మెత్తని సీసపు గుండు, 0.36 వాటికి 0.375 లేదా 0.380, దిగేటప్పుడు చాంబర్ అంచు గుండు చుట్టూ సన్నని సీసపు రింగు కోయాలి. రింగు రాలేదంటే ఆ గుండు చాంబర్‌కు చిన్నది. వెనకవైపు, నింపిన ప్రతి చాంబర్ నిపిల్ మీదా గట్టిగా కూర్చున్న క్యాపు. రివాల్వర్ తన్నుకు క్యాపులు రాలిపోతూ ఉంటే గురి మాట అటుంచి, ఆ రోజుకు కాల్పులు ఆపేయడమే మంచిది.

వరస కూడా చెప్పాలి. మందు, కావాలంటే ఫెల్టు బిళ్ల, గుండు, కూరడం, అన్నీ అయ్యాక చిట్టచివర్న, ఫైరింగ్ లైను మీద, బారెల్ లక్ష్యం వైపు పెట్టుకునే క్యాపులు ఎక్కించాలి. క్యాపున్న చాంబర్‌లో గుండు కూరడమంటే పేలడానికి సిద్ధంగా ఉన్న గొట్టం మీద చెయ్యి పెట్టడమే. వెంట తీసుకు తిరిగేటప్పుడు ఒక చాంబర్ ఖాళీగా వదిలి హ్యామర్‌ను దాని మీద దించుతారు. మొదటిసారి నింపే ముందు ప్రతి ఖాళీ చాంబర్ మీదా ఒక్కో క్యాపు పేల్చితే రంధ్రంలో మిగిలిన నూనె కాలిపోతుంది. బారెల్ ముందు నేలమీద గడ్డిపరక కదిలితే రంధ్రం తెరుచుకున్నట్టు. నూనె తడి మిగిలితే క్యాపు ఠప్పుమంటుంది, మందు మాత్రం అంటుకోదు. కాల్పులు సాగే కొద్దీ నిపిళ్ల మీద మసి పేరుకుని, పొద్దున సరిగ్గా కూర్చున్న క్యాపులే తర్వాత పైకి తేలతాయి. రెండు మూడు విడతలకోసారి గుడ్డతో తుడవడం మరవద్దు.

క్యాపులు ఎక్కించే ఇత్తడి క్యాపర్లు రెండు రకాలు దొరుకుతాయి, గుండ్రటిదీ తిన్నటిదీ. ఏది కొన్నా రెండు చూడండి: దాని మూతి మీ రివాల్వర్ వెనక కోతలో దూరుతోందా, మీ క్యాపులు దాని గాడిలో ఇరుక్కోకుండా జారుతున్నాయా.

నిల్వ విషయంలో రాజీ వద్దు. క్యాపులు వచ్చిన డబ్బాలోనే, చల్లగా, పొడిగా, మందుకు దూరంగా, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. జేబులో విడిగా వేసుకోవడం, గాజు సీసాలో కుప్పగా పోయడం రెండూ తప్పే. ఒకటి పేలితే పక్కవి అందుకుంటాయి, సీసా ముక్కలు గాయం చేస్తాయి. నూనె చేతులతో ముట్టుకోకూడదు. ఇప్పటి క్యాపుల మందులో సాధారణంగా సీసం ఉంటుంది, కాల్చాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. సేకరణల్లో దొరికే పాతకాలపు డబ్బాల క్యాపులను కాల్చకండి. ఒకప్పుడు పాదరసపు ఫల్మినేటూ పొటాషియం క్లోరేటూ వాడేవారు, క్లోరేటు మిగిల్చే ఉప్పు ఇనుమును తినేస్తుంది. అవి ఎంత పాడయ్యాయో పైకి చూసి చెప్పలేం.

ఇలాంటి రివాల్వర్, క్యాపులు, మందు దగ్గర పెట్టుకోవడానికి చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. పాత నమూనా అని అన్నిచోట్లా లైసెన్సు అక్కర్లేదనుకోవడం తప్పు. మీ వ్యాసంలో ఈ ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

చివరిగా, హ్యామర్ పడ్డాక క్యాపు పేలకపోతే, లేదా క్యాపు పేలి గుండు వెళ్లకపోతే ఏం చేయాలో మీ వ్యాసం చెప్పలేదు. రివాల్వర్‌ను లక్ష్యం వైపే పట్టుకుని కనీసం ఒక నిమిషం ఆగాలి, మందు లోపల నిదానంగా రగులుతూ ఉండవచ్చు. బారెల్‌లోకి తొంగి చూడకూడదు, సిలిండర్ ఊడదీయకూడదు. నిమిషం గడిచాక అదే క్యాపు మీద మళ్లీ కొట్టవచ్చు; అప్పుడు పేలితే చాలాసార్లు క్యాపు బిగుతే కారణం. క్యాపు పేలినా మందు అంటుకోకపోయి ఉంటే, ఇంకో నిమిషం ఆగి కొత్త క్యాపు ఎక్కించి ప్రయత్నించాలి. అప్పటికీ కాలకపోతే మిగతా చాంబర్ల మీది క్యాపులను లక్ష్యం వైపే పేల్చేసి, రేంజి అధికారిని పిలిచి, నిపిల్ ఊడదీసి రంధ్రం శుభ్రం చేయించాలి. పేలని క్యాపులను చెత్తబుట్టలో వేయకుండా, రేంజి వాళ్లు చెప్పిన చోటే అప్పగించాలి.

ఇట్లు,
బ్లాక్ పౌడర్ షూటింగ్‌లో ఉన్న మీ పాఠకులు